మైనస్ 9.4 వచ్చినంత మాత్రాన మందు దొరికినట్టేనా?

ఔషధ మొక్కల్లోని రసాయనాలను కంప్యూటర్ సాయంతో జల్లెడపట్టి వైరస్ మందులను వెతకడం గురించి పాఠకులు పంపిన ఉత్తరాల్లో అయిదింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఒక ఔషధ మొక్కలోని రసాయనం కరోనా వైరస్ ప్రోటీన్‌కు మైనస్ 9.4 స్కోరుతో గట్టిగా అంటుకుంటుందని, అందువల్ల అది మందుగా పనికివస్తుందని ఒక వార్తలో చదివాను. కంప్యూటర్ ఇక్కడ సరిగ్గా ఏం చేస్తుంది? ఆ అంకె దేన్ని కొలుస్తుంది?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఆ అంకె కొలిచింది కాదు, లెక్కగట్టింది. వార్త రాసినవారు ఈ తేడాను వదిలేయడం వల్లనే మీకీ సందేహం కలిగింది.

కరోనా వైరస్ మన కణంలోకి చేరాక తనకు కావలసిన ప్రోటీన్లలో చాలావాటిని ఒకే పొడవాటి గొలుసుగా తయారు చేయించుకుంటుంది. ఆ గొలుసును సరైన చోట్ల కోస్తేనే పనికొచ్చే ముక్కలు విడివడతాయి. ఈ కోత పనిలో ఎక్కువ భాగం చేసేది మెయిన్ ప్రొటియేజ్ అనే ఎంజైము. 306 అమైనో ఆమ్లాల ఈ ఎంజైము గొలుసును 11 చోట్ల కోస్తుంది. దాని ఒంటి మీద ఒక గాడి ఉంటుంది. ఆ గాడిలో 41వ స్థానంలోని హిస్టిడీన్, 145వ స్థానంలోని సిస్టీన్ కలిసి కోత కోస్తాయి. ఆ గాడిని ఏదైనా అణువుతో పూడ్చివేయగలిగితే వైరస్ పెరుగుదల ఆగిపోతుంది. ఈ ఎంజైము కోసే తీరు మన ఒంటిలోని ఎంజైముల తీరుకు భిన్నం కాబట్టి దాన్ని అడ్డుకునే మందు మన ఎంజైముల జోలికి పోకుండా ఉండే అవకాశం ఎక్కువ. దాని త్రిమితీయ నిర్మాణం 2020 ఫిబ్రవరి మొదట్లోనే ప్రోటీన్ డేటా బ్యాంకులో 6ఎల్‌యూ7 అనే సంకేతంతో అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. ప్రయోగశాలలు మూతపడిన ఆ రోజుల్లో కంప్యూటరూ ఇంటర్నెట్టూ ఉన్న పరిశోధక విద్యార్థులెందరో దాన్ని దించుకుని పని మొదలుపెట్టారు. మీరు చదివిన వార్తలాంటివి అన్నేసి రావడానికి అదీ ఒక కారణం.

రెండో వైపు మొక్కల రసాయనాల పట్టికలుంటాయి. చెన్నైలోని గణిత విజ్ఞాన సంస్థ పరిశోధకులు రూపొందించిన ఇంపాట్ అనే డేటాబేస్ రెండో కూర్పులో 4,010 ఔషధ మొక్కలకు చెందిన 17,967 రసాయనాలున్నాయి. అటువంటి పట్టికలోంచి ఒక్కొక్క అణువునూ తీసుకుని, ఎంజైము గాడిలో దాన్ని తిప్పి, మెలిపెట్టి, లెక్కలేనన్ని భంగిమల్లో కూర్చోబెట్టి చూడటాన్ని డాకింగ్ అంటారు. అణువుకూ గాడికీ మధ్య హైడ్రోజన్ బంధాలు ఏర్పడితే కొన్ని మార్కులు, నీటికి దూరంగా ఉండగోరే భాగాలు పక్కపక్కన చేరితే కొన్ని మార్కులు. పరమాణువులు ఒకదానినొకటి ఒరుసుకుంటే మార్కులు తగ్గుతాయి. అన్నీ కూడి వచ్చేదే, మోల్‌కు (అణువుల రాశిని చెప్పే కొలమానం) ఇన్ని కిలోక్యాలరీలని చెప్పే ఆ స్కోరు. మైనస్ వైపు ఎంత దూరం పోతే బంధం అంత గట్టిదని అర్థం చేసుకోవాలి.

ఆ అంచనా ఎంత నమ్మదగినదో చూద్దాం. ఇలాంటి పనికి విరివిగా వాడే ఆటోడాక్ వైనా అనే ప్రోగ్రామును 2010లో ప్రకటించినప్పుడు, దాని అంచనాల్లో ప్రామాణిక దోషం (అసలు విలువకు అంచనా మామూలుగా ఎంత దూరం పోతుందో చెప్పే అంకె) మోల్‌కు సుమారు 2.85 కిలోక్యాలరీలని దాని కర్తలే రాశారు. మామూలు ఉష్ణోగ్రత దగ్గర దాదాపు 1.4 కిలోక్యాలరీల తేడా వస్తే బంధం బలం పది రెట్లు మారుతుంది. అంటే మీరు చదివిన మైనస్ 9.4 అక్షరాలా నిజమైతే సుమారు 0.13 మైక్రోమోలార్ (లీటరుకు మోల్‌లో పది లక్షలో వంతు ఒక మైక్రోమోలార్) గాఢత దగ్గరే ఎంజైములో సగం ఆ అణువుతో నిండిపోవాలి. అసలు విలువ ఆ దోషం మేరకు తగ్గి మైనస్ 6.55 అయితే అదే పనికి 16 మైక్రోమోలార్ కావాలి. నూరు రెట్లకు మించిన తేడా ఇది! ఇంత ఊగిసలాట ఉన్న అంకెను మందు బలానికి కొలతగా చూపడం పాఠకులకు అన్యాయం చేయడమేనని నా అభిప్రాయం. వేల అణువుల్లోంచి ప్రయోగశాలలో ముందుగా ఏ యాభైని పరీక్షించాలో తేల్చుకోవడానికి మాత్రం ఆ అంకె నిజంగా అక్కరకొస్తుంది. డాకింగ్ పుట్టింది కూడా అందుకే.

ప్రశ్న: మా నాన్నగారు చాలాకాలంగా వైరస్ జబ్బుకు మాత్రలు వాడుతున్నారు. అతిమధురంలోని గ్లిసిరైజిన్ వైరస్‌ను అడ్డుకుంటుందని కంప్యూటర్ పరిశోధనలో తేలిందని చదివాము. మాత్రలు తగ్గించి దాని కషాయం ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: దయచేసి మాత్రలు తగ్గించకండి. వైద్యుడికి చెప్పకుండా కషాయాన్ని వాటికి జోడించడమూ వద్దు.

గ్లిసిరైజిన్ కేవలం కంప్యూటర్‌లో కనిపించిన పేరు కాదు. 2003లో సార్స్ వైరస్ మీద, కోతి మూత్రపిండ కణాల్లో, అది పనిచేసినట్టు చూపారు. అయితే వైరస్ పెరుగుదల సగానికి తగ్గడానికి లీటరుకు 300 మిల్లీగ్రాముల గాఢత కావలసివచ్చింది. నోటి ద్వారా తీసుకున్న గ్లిసిరైజిన్‌ను పేగుల్లోని బ్యాక్టీరియా విడగొట్టేస్తుంది కాబట్టి అది అదే రూపంలో నెత్తురులోకి చేరేది చాలా స్వల్పం. అలా విడగొట్టాక మిగిలి నెత్తురులోకి చేరే రూపం మాత్రం మూత్రపిండాల్లో ఒక ఎంజైమును అణచివేస్తుంది. ఫలితంగా ఒంటిలో ఉప్పు నిలిచి, పొటాషియం పడిపోయి, రక్తపోటు పెరుగుతుంది. పెద్ద వయసువారిలో, గుండె జబ్బు ఉన్నవారిలో ఇది ప్రమాదం.

మూలికలు మందుల మీద చూపే ప్రభావం ఇంకొకటి. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలికను హెచ్‌ఐవీ మందు ఇండినావిర్‌తో కలిపి ఆరోగ్యవంతులకు ఇచ్చి చూసినప్పుడు, ఆ మందుకు శరీరం మొత్తంగా లోనయ్యే మోతాదు సగటున 57 శాతం పడిపోయిందని 2000లో వెల్లడైంది. కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములను ఆ మూలిక ఎక్కువ చేయడమే అందుకు కారణం. మందు అలా పలచబడితే జబ్బు తిరగబెట్టడమే కాదు, వైరస్ ఆ మందుకు లొంగని రూపం తీసుకోవచ్చు. మీ నాన్నగారు ఇప్పటికే ఏదైనా మూలిక వాడుతూ ఉంటే, దాని పేరూ మోతాదూ ఒక కాగితం మీద రాసి వైద్యుడికి చూపించండి. ఆ సంగతి దాచవలసిన అవసరం లేదు.

ప్రశ్న: కంప్యూటర్‌లో వెతికి కనిపెట్టిన వైరస్ మందు ఒక్కటైనా రోగుల దాకా వచ్చిందా?
– ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి

జవాబు: వచ్చింది. జపానుకు చెందిన షియోనోగి సంస్థ తన దగ్గరున్న రసాయనాల భాండారాన్ని ముందు కంప్యూటర్‌లో జల్లెడపట్టి, మిగిలినవాటిని ఎంజైము మీద పరీక్షించి, దొరికిన అణువును రసాయన శాస్త్రజ్ఞుల చేత మళ్లీ మళ్లీ మార్పించి ఎన్‌సిట్రెల్విర్ అనే మందును తయారు చేసింది. అది కూడా నేను పైన చెప్పిన మెయిన్ ప్రొటియేజ్ గాడినే పూడుస్తుంది. 2022 నవంబరులో జపాను దానికి అత్యవసర ఆమోదం ఇచ్చింది.

అంతకుముందు ఫ్లూ మందు జనామివిర్ ఉంది. ఫ్లూ వైరస్ మీది న్యూరామినిడేజ్ అనే ఎంజైము నిర్మాణం 1983లో వెల్లడైంది. ఆ గాడిలో ఒక మూల ఖాళీగా ఉందని, అక్కడ ధనావేశమున్న పరమాణువుల గుంపును చేరిస్తే బంధం బిగుస్తుందని కంప్యూటర్ లెక్కలు సూచించాయి. ఆ ప్రకారం అణువును మార్చి తయారుచేసిన మందుకు 1999లో ఆమోదం దొరికింది. అదే ఏడు వచ్చిన ఒసెల్టామివిర్ కథ మొక్కల విషయంలో ఆసక్తి ఉన్నవారికి మరీ ముఖ్యం. దాని తయారీకి మొదట్లో ముడిసరుకైన షికిమిక్ ఆమ్లాన్ని అనాస పువ్వు నుంచే తీశారు. కానీ షికిమిక్ ఆమ్లానికి ఫ్లూను అడ్డుకునే గుణం లేదు. ఎన్నో రసాయన చర్యల తర్వాత పుట్టిన కొత్త అణువుకే ఆ గుణం ఉంది.

ఇక మొక్కల రసాయనాల సంగతికొస్తే, డాకింగ్ జాబితాలోంచి బయలుదేరి వైరస్ మందుగా ఆమోదం పొందినది ఇంతవరకు ఒక్కటీ లేదు. మొక్కల నుంచి మందు రాలేదని దీని అర్థం కాదు. పులిపిర్లు కలిగించే హెచ్‌పీవీ వైరస్ విషయంలో గ్రీన్ టీ ఆకుల సారంతో చేసిన లేపనానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో అనుమతి ఇచ్చింది. అక్కడ ఆ అనుమతికి ఆధారమైనది రోగుల మీద జరిగిన పరీక్షలు.

ప్రశ్న: వందల ఏళ్లుగా వాడుకలో ఉన్న మూలికలను కంప్యూటర్ అవునంటేనే నమ్మాలా? అనుభవానికి విలువ లేదా?
– మూలికా వైద్యం మీద గౌరవమున్న ఒక పాఠకుడు

జవాబు: చాలా విలువ ఉంది. ఆ విలువ ఎక్కడుందో గుర్తించినవారికే ఫలితం దక్కింది. చైనా శాస్త్రవేత్త తూ యూయూ మలేరియాకు మందు వెతుకుతూ, మామూలుగా ఆర్టిమిసియా అనే మొక్కను వేడి చేసి తీసిన సారం సరిగా పనిచేయకపోవడం గమనించారు. మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి ఆ రసం తాగమన్న ఒక ప్రాచీన వైద్య గ్రంథంలోని మాట ఆమెను ఆలోచింపజేసింది. వేడికి గుణం చెడుతోందేమోనని 1971లో తక్కువ ఉష్ణోగ్రతకే మరిగే ఈథర్‌తో సారం తీశారు, అది పనిచేసింది. మరుసటి ఏడాది అందులోంచి ఆర్టిమిసినిన్‌ను వేరు చేశారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. మలేరియా వైరస్ జబ్బు కాదు గానీ, పాత మాటను అక్షరం పొల్లుపోకుండా చదివి ప్రయోగానికి పెట్టడం ఎలా ఉండాలో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు. ఆ మాటను డాకింగ్ ఎన్నడూ చెప్పగలిగేది కాదు.

అలాగే ఒక హద్దునూ ఒప్పుకోవాలి. వైరస్ అనేది ఒకటుందని మనుషులకు తెలిసింది 1890లలో. అంతకు ముందు గ్రంథాలు జ్వరం, దగ్గు, దద్దుర్లు అని లక్షణాలనే చెప్పగలవు. జ్వరం తగ్గించే మూలిక వైరస్‌ను చంపుతూ ఉండవచ్చు, ఒంటి వేడిని మాత్రమే తగ్గిస్తూ ఉండవచ్చు. ఆ రెంటినీ విడదీయాలంటే ప్రయోగం తప్పదు.

మరొక సంగతి, మొక్క అంటే ఒకే రసాయనం కాదు, ఒకే పేరున్న మొక్కలన్నీ ఒకే రసాయనాన్ని ఇవ్వవు. 1987లో మలేసియాలోని సరవాక్ అడవుల్లో సేకరించిన ఒక కలోఫిల్లం చెట్టు నమూనాలో హెచ్‌ఐవీని అడ్డుకునే గుణం బయటపడింది. మరింత నమూనా కోసం తిరిగి వెళ్లేసరికి ఆ చెట్టు లేదు, నరికేశారు. అందులోని ‘కలనోలైడ్-ఏ’ అనే క్రియాశీల పదార్థం మనుషుల మీద తొలి దశల పరీక్షల దాకా వచ్చింది గానీ మందు కాలేకపోయింది. ఆ నరికిన చెట్టును తలచుకున్నప్పుడల్లా, అడవిని కాపాడుకోవడమూ మందుల పరిశోధనలో భాగమేనని నాకు అనిపిస్తుంది.

ప్రశ్న: నేను ఎం.ఫార్మసీ చదువుతున్నాను. 6ఎల్‌యూ7 మీద 200 మొక్కల రసాయనాలను డాకింగ్ చేస్తే రుటిన్‌కు మైనస్ 9.2, క్వెర్సెటిన్‌కు మైనస్ 7.5 వచ్చాయి. ఆ నిర్మాణాన్ని తెలుసుకున్న ప్రోటీన్ స్ఫటికంలో గాడిలో ఉన్న ఎన్3 అనే అణువు కన్నా రుటిన్ స్కోరే మెరుగ్గా ఉంది. అణువుల కదలికలను కంప్యూటర్‌లో అనుకరించే 100 నానోసెకన్ల మాలిక్యులర్ డైనమిక్స్‌లో కూడా అది గాడి వదలలేదు. ప్రచురణకు పంపేముందు ఇంకేం చూడాలి? మా కాలేజీలో వైరస్ ప్రయోగశాల లేదు.
– ఒక విద్యార్థిని

జవాబు: పంపేముందు అడిగినందుకు ఎంతో సంతోషం. ఈ ప్రశ్నకు కొంచెం వివరంగానే జవాబు చెబుతాను.

ఎన్3తో పోలిక దగ్గర మొదలుపెడదాం. స్ఫటికంలో ఎన్3 ఊరికే గాడిలో కూర్చుని లేదు. 145వ సిస్టీన్‌తో రసాయన బంధం కలుపుకుని ఉంది. మామూలు డాకింగ్‌కు ఆ బంధం కనిపించదు కనుక ఎన్3 బలంలో పెద్ద భాగాన్ని అది లెక్కలోకే తీసుకోదు. అంచేత ఎన్3 కన్నా మెరుగన్న వాక్యాన్ని తీసేయండి. అదే ఎంజైముకు చెందిన 6డబ్ల్యూ63 అనే మరో నిర్మాణంలో ఎక్స్77 అనే అణువు అటువంటి బంధం లేకుండానే గాడిలో ఉంది. ముందు దాన్ని బయటకు తీసి మళ్లీ డాకింగ్ చేయండి. స్ఫటికంలోని భంగిమకూ మీకొచ్చిన భంగిమకూ మధ్య తేడా 2 ఆంగ్‌స్ట్రామ్‌ల (మీటరులో వెయ్యి కోట్లో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్) లోపు ఉంటేనే మీ పద్ధతి ఈ గాడిలో నిలబడినట్టు. ప్రోటీన్ ఫైలును సిద్ధం చేసేటప్పుడు నీటి అణువులన్నింటినీ ఒక్క మీటతో తుడిచేశారా, 41వ, 163వ హిస్టిడీన్ల మీద హైడ్రోజన్ ఏ నైట్రోజన్‌కు పెట్టారో చూసుకున్నారా? ప్రోగ్రాము తనంతట తాను పెట్టినదాన్ని అలాగే వదిలేస్తే హైడ్రోజన్ బంధాల లెక్క తలకిందులు కావచ్చు.

ఇక రుటిన్. అది వేరే అణువేమీ కాదు, క్వెర్సెటిన్‌కు రెండు చక్కెరలు అతికితే రుటిన్ అవుతుంది. హైడ్రోజన్లను వదిలేసి లెక్కిస్తే క్వెర్సెటిన్‌లో 22, రుటిన్‌లో 43 పరమాణువులున్నాయి. మీ స్కోర్లను వాటితో భాగించి చూడండి: క్వెర్సెటిన్‌కు ఒక్కో పరమాణువుకు 0.34 వస్తే, రుటిన్‌కు 0.21 మాత్రమే వస్తుంది. అంటే అదనంగా చేరిన 21 పరమాణువులూ కలిసి తెచ్చింది 1.7 కిలోక్యాలరీలే. పెద్ద అణువుకు తాకే చోట్లు ఎక్కువ కాబట్టి స్కోరు దానంతట అదే పెరుగుతుంది. మొక్కల రసాయనాల డాకింగ్‌లో చక్కెరలు తగిలించుకున్న ఫ్లేవనాయిడ్లు (క్వెర్సెటిన్ తరహా మొక్కల రసాయనాలు) తరచూ పై వరుసలో నిలబడటానికి కారణం ఇదే. పైగా రుటిన్ అణుభారం 610. హైడ్రోజన్ ఇచ్చే చోట్లు 10, పుచ్చుకునే చోట్లు 16. నోటి ద్వారా తీసుకునే మందులకు 1997లో లిపిన్‌స్కీ అనే శాస్త్రవేత్త చెప్పిన హద్దులు వరుసగా 500, 5, 10. ప్రకృతి రసాయనాల్లో ఈ హద్దులు దాటినా మందులైనవి ఉన్నాయి కనుక అది ఒక్కటే అనర్హత కాదు. కానీ నోటి ద్వారా తీసుకున్న రుటిన్ చక్కెరలను పెద్దపేగులోని బ్యాక్టీరియా ఊడదీస్తుంది, మిగిలిన క్వెర్సెటిన్‌కు పేగు గోడలోనూ కాలేయంలోనూ గ్లూక్యురోనిక్ ఆమ్లమో సల్ఫేటో అతుక్కుంటుంది. మీరు గాడిలో అంత జాగ్రత్తగా కూర్చోబెట్టిన అణువు నెత్తురులో ఆ రూపంలో దాదాపుగా తిరగదు. నెత్తురులో తిరిగే రూపాలనే డాకింగ్ చేసి చూడండి, అది మీ పత్రానికి అసలైన కొత్తదనం అవుతుంది.

డైనమిక్స్ గురించి ఒక్క మాట. 100 నానోసెకన్లంటే సెకనులో కోటోవంతు. బలహీనంగా అంటుకున్న అణువు సైతం అంతసేపు గాడిలోనే ఉండిపోగలదు. కదలలేదన్నది తప్పు భంగిమలను ఏరిపారేయడానికి పనికొస్తుంది గానీ బలానికి రుజువు కాదు. దానికన్నా, పనిచేస్తాయని ఇప్పటికే తేలిన అణువులను, పనిచేయవని తేలినవాటిని మీ 200 మధ్య కలిపేసి, మీ పద్ధతి మంచివాటిని పైకి తెస్తోందా లేదా అని చూడటం ఎంతో మేలు. స్కుటెల్లేరియా అనే మొక్క వేరులోని బైకాలీన్‌ను తప్పకుండా కలపండి. 20 పరమాణువుల ఆ చిన్న ఫ్లేవనాయిడ్ 0.94 మైక్రోమోలార్ దగ్గరే మెయిన్ ప్రొటియేజ్ పనిని సగానికి తగ్గించిందని 2020లో చూపారు. గాడిలో అది కూర్చున్న తీరు స్ఫటికంలో కూడా కనిపించింది. మీ జాబితాలో బైకాలీన్ రుటిన్ కింద ఎక్కడో పడి ఉంటే, స్కోరును నమ్మాలో బైకాలీన్‌ను నమ్మాలో మీకే తెలిసిపోతుంది.

వైరస్ ప్రయోగశాల లేదని బాధపడకండి. మెయిన్ ప్రొటియేజ్‌ను బ్యాక్టీరియాలో తయారు చేయవచ్చు. ఎంజైము పరీక్షకు బతికున్న వైరస్ అక్కర్లేదు, ఒక జీవరసాయన విభాగం సాయం దొరికితే చాలు. మీ పత్రంలో రుటిన్‌తో పాటు క్వెర్సెటిన్‌నూ ఆ పరీక్షకు పెట్టండి. ఒక్క జాగ్రత్త మాత్రం మరవద్దు. క్వెర్సెటిన్, పసుపులోని కర్‌క్యుమిన్ వంటివి నీటిలో చిన్న చిన్న ముద్దలుగా కూడి, ఎదురైన ప్రతి ఎంజైమునూ తమ మీద అంటించుకుని పనిచేసినట్టు భ్రమ కలిగిస్తాయి. కాన్ఫరెన్సుల్లో గొప్పగా చూపే కర్‌క్యుమిన్ ఫలితాల్లో చాలావాటికి ఇలాంటి చిక్కులున్నాయని, అప్పటికి జరిగిన వైద్య పరీక్షల్లో రెండువైపులా గోప్యత పాటించి ఉత్తుత్తి మాత్రతో పోల్చినది ఒక్కటీ విజయం సాధించలేదని 2017లో వెలువడిన ఒక సమీక్ష తేల్చింది. అందుకని పరీక్ష ద్రావణంలో ఆ ముద్దలను విడగొట్టే ట్రైటన్ ఎక్స్-100 అనే డిటర్జెంటును 0.01 శాతం వేసి ఒకసారి, వేయకుండా ఒకసారి చేయండి. సిస్టీన్‌ను ఆక్సీకరించి పని ఆపే అణువులను పట్టుకోవడానికి ఆక్సీకరణను అడ్డుకునే డీటీటీ అనే రసాయనాన్ని వేసి మరొకసారి చేయండి.

ఇవన్నీ దాటినా కణాల దగ్గర మరో మలుపు ఉంటుంది. మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ కోతి మూత్రపిండ కణాల్లో కరోనా వైరస్‌ను ఆపింది, మనిషి ఊపిరితిత్తుల నుంచి వచ్చిన కాలు-3 అనే రకం కణాల్లో ఆపలేదు. ఆ కణాల్లోకి వైరస్ వేరే దారిన దూరుతుంది. బ్రిటన్‌లో ఆసుపత్రి రోగుల మీద ‘రికవరీ’ అనే పేరుతో జరిగిన పరీక్షలో 28 రోజుల్లో చనిపోయినవారు ఆ మందు వాడినవారిలో 27 శాతం, వాడనివారిలో 25 శాతం. కాబట్టి ముందుముందు మీ అణువును ఎవరైనా కణాల్లో పరీక్షిస్తామంటే, ఏ కణాలని అడగండి. ట్రైటన్ వేయగానే రుటిన్ పని ఆగిపోతే మాత్రం ఆ ఫలితాన్ని డాకింగ్ చిత్రాల పక్కనే, ద్రావణం వివరాలతో సహా అచ్చువేయండి. అదే అణువుతో మళ్లీ మొదలుపెట్టబోయే మరో విద్యార్థికి ఒక ఏడాది శ్రమ మిగులుతుంది.